కేకదూరంలో తొమ్మిది పంట్లు

మార్గశిర బహుళ పాడ్యమి

తెల్లవారేసరికి దట్టమైన మంచు. ఉత్తరపు గాలి నెమ్మదిగా ఉంది. తూర్పు వరుసలో, డ్రమ్ముల మీద తేలే మా ఇళ్ళ పంట్లను ఒకదానికొకటి తగిలించే కొక్కేలన్నిటికీ చేపనూనె రాశాను. మంచును పట్టి నీళ్ళుగా రాల్చే మంచు వలల కింద తొట్లు అంచుదాకా నిండాయి. ఆడవాళ్ళు పీపాల్లోకి తోడుకున్నారు.

ఉప్పు పడవ మధ్యాహ్నపు పోటుకు వెళ్ళిపోయింది. దాని మనుషులు ఇద్దరు దగ్గుకుంటూనే బస్తాలు దింపారు. చలి మొదలయ్యేలోపు రావాల్సిన టీకా పడవ మాత్రం ఇంకా రాలేదు. రేడియోలో అడిగితే ఇంజను విప్పి ఒడ్డున పెట్టామన్నారు.

కొక్కేలు చూడడానికి పంటు పంటుకీ తిరుగుతుంటే డాక్టర్ నాంచారమ్మ నా దోనె ఎక్కింది. ఆమె మా కొత్తదివిలోనే, వలలు అల్లేవాళ్ళ ఇంట పుట్టింది. కొండవైపు పెద్దాసుపత్రిలో చదువుకుంది. అక్కడ ఉండిపొమ్మన్నా ఉండకుండా, కాళ్ళ కింద నేల కదిలే ఈ ఊరికే తిరిగొచ్చింది.

"నీ కొక్కేలు నువ్వు చూసుకో తాతారావన్నా. నా పిల్లల్ని నేను చూసుకుంటాను," అంది.

ఆమె చూసే తీరు వేరు. పిల్లల ముఖం తర్వాత చూస్తుంది, ముందు చొక్కా ఎత్తి పొట్ట చూస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోందా అని కాసేపు అలాగే చూస్తుంది. ఆపైన తల్లిని అడుగుతుంది. నెలలు నిండి పుట్టాడా, తెల్లవారుజామున దగ్గుతాడా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని.

కోటమ్మ పంటు మీద కొడుకు గురించి ఇలా అడిగింది: "ఆడుతూ ఆడుతూ మధ్యలో గొంతుక్కూచుంటాడా?"

"పని చెప్తే కూచుంటాడమ్మా. ఆటలో ఎందుక్కూచుంటాడు!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక నాంచారమ్మ అదే ప్రశ్న మళ్ళీ అడిగింది, అదే గొంతుతో. కోటమ్మ చేతిలో వల ఆగింది.

"కూచుంటాడు," అంది. "అప్పుడు పెదాలు నేరేడుపండు తిన్నట్టుంటాయి. ఏం తిన్నావురా అని కొట్టాను కూడా ఒకసారి."

నేనైతే మొదటి జవాబుకే నవ్వి వచ్చేసేవాణ్ణి.

ఆఖరున మాణిక్యం పంటు దగ్గర దోనె ఆపాను. మాణిక్యం నా కోడలు. దాని కూతురు కుందనకు మూడేళ్ళు. ఏడో నెలలోనే పుట్టింది. మంచు పడితే ఛాతీలో పిల్లికూతలు వస్తాయి. నాంచారమ్మ దాన్ని మిగతావాళ్ళకంటే ఎక్కువసేపు చూసింది. తిరిగి వచ్చేటప్పుడు నేనే అడిగాను.

"ఫ్లూ జ్వరం వస్తే ఊరందరికీ వస్తుందన్నా. చాలామంది వారంలో లేచి కూచుంటారు. కొందరిని ముంచుతుంది. ఆ కొందరు ఎవరో ముందే కాస్త తెలుసుకోవచ్చు. వచ్చాక వెతుక్కుంటే చెయ్యి చాలదు," అంది.

బహుళ చవితి

మంచు తక్కువ. ఎండ వచ్చింది. పడమటి వరుసలో రెండు గొలుసులు బిగించాను.

అక్కడే మూడిళ్ళలో పిల్లలకు జ్వరం. ఉప్పు బస్తాలు మోసినవాళ్ళ ఇళ్ళే. కబురు తెలియగానే ఊరు ఊరంతా పరామర్శకు కదిలింది. మొదటి ఇంట్లో నేను వెళ్ళేసరికి లోపల కాలు పెట్టే చోటు లేదు. ఒకరు నుదురు తాకుతున్నారు, ఒకరు నోట్లో ఏదో పెడుతున్నారు, ముసలివాళ్ళు దిష్టి తీస్తున్నారు.

నాంచారమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. "బాగుంది. జ్వరాన్ని పంక్తిలో కూచోబెట్టి అందరికీ వడ్డిస్తున్నారు," అంది.

నవ్వుకుంటూనే లేచి వెళ్ళారు. పక్కింటికి వెళ్ళారు. అక్కడా జ్వరమే ఉంది.

సాయంత్రం ఆమె ఇల్లిల్లూ తిరిగి తలనొప్పి బిళ్ళలు ఏరుకొచ్చింది. పెద్దవాళ్ళు నొప్పులకు వేసుకునే ఆస్పిరిన్ రకం అది. ఈ జ్వరంలో పిల్లలకు అది వేస్తే మెదడుకూ కాలేయానికీ చెరుపు చేస్తుందట. ఒక ముసలమ్మ తలగడ కింద దాచుకుంది. "నాకు కావాలి, నేను పిల్లదాన్నా?" అంది. "నువ్వు కాదు. నీ మనవడికి నొప్పి వస్తే నువ్వే ఇస్తావు, నాకు తెలుసు," అని లాక్కుంది.

బహుళ పంచమి

మబ్బు. గాలి లేదు. నడిమి వరుసలో ఒక పంటు కింద డ్రమ్ము చిల్లిపడింది, అతుకు వేశాను.

మధ్యాహ్నం సరంగు వీరభద్రం పంటు మీద ఊరు కూడింది. ఊరికి పెద్ద అతనే. నాంచారమ్మే కూడమంది.

"పంట్లు విప్పాలి బాబాయ్," అంది.

అందరూ పడమటి వరుస వైపు చూశారు.

"జ్వరమొచ్చిన ఇళ్ళని విప్పేద్దామంటావు. అంతేగా నాంచారూ?" అన్నాడు సరంగు.

"కాదు. జ్వరమొచ్చినవాళ్ళు ఇక్కడే నా చేతికందేచోట ఉండాలి. జ్వరం రానివాళ్ళలో పలచని పిల్లల్ని విప్పుదాం. కేకదూరంలో, ఒక పంటుకీ ఒక పంటుకీ తగలకుండా లంగరేద్దాం. తల్లి, పిల్ల, అంతే. ఈ జ్వరం ఊరు దాటిపోయేదాకా."

ఎవరెవరో చెప్పింది. రెండేళ్ళు నిండని చంటివాళ్ళు. పిల్లికూతల పిల్లలు. గుండెలో రంధ్రం ఉన్న కోటమ్మ కొడుకు. ఫిట్స్ వచ్చే కవలలు. చక్కెరకు సూది వేసుకునే పిల్ల. మొత్తం తొమ్మిది పంట్లు తేలాయి.

ఎవరూ ఒప్పుకోలేదు. ఎందుకో కొండవైపువాళ్ళు ఎవరైనా ఈ పుస్తకం చూస్తే తెలియదు గనుక రాస్తున్నాను. మా ఊళ్ళో పంటుని విప్పేది ఒక్కందుకే. చావు జరిగిన ఇంటిని, కర్మ అయ్యేదాకా, ఊరి నుంచి విడదీస్తాం. పాటు మొదలయ్యాక, నీళ్ళు వెనక్కి లాగుతుంటే, మాటా పలుకూ లేకుండా విప్పాలి. కొక్కేలవాడు ముఖం అటు తిప్పుకుని విప్పాలి. ఆపైన ఆ మైల పంటు వైపు ఎవరూ చూడరు. అటు నుంచి కేక వినిపించినా పలకరు. పలికితే చావు ఇటు దాటుతుందని పెద్దల మాట.

"కొండెక్కి చదువుకొచ్చి బతికున్న పిల్లలకి మైల పట్టిస్తానంటావా?" అన్నాడు సరంగు. "రేపు మా ఝాన్సీని కూడా విప్పమంటావు."

ఝాన్సీ అతని మనవరాలు. పన్నెండేళ్ళది. ఊరి కింద ఈ చివర మునిగి ఆ చివర తేలుతుంది.

"ఝాన్సీకి ఏ జబ్బూ లేదు బాబాయ్."

"అది రాయి."

"రాయే. అయినా కనిపెట్టుకుని ఉండండి. నా లెక్కలో లేనివాళ్ళని కూడా ఒక్కోసారి ముంచుతుందది."

చాలాసేపు వాదన జరిగింది. ఆమె గొంతు పెంచలేదు. అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పింది, తెలియనిచోట తెలియదంది. చివరకు సరంగు నా వైపు తిరిగాడు.

"విప్పేవాడు తాతారావు. ముందు వాడి కోడల్ని ఒప్పించుకోమను. మాణిక్యం విప్పించుకుంటే మిగతా ఎనిమిదిళ్ళూ విప్పించుకుంటాయి."

అతను సులువుగా తప్పించుకున్నాడని కొందరనుకున్నారు. కాదు. మాణిక్యాన్ని ఒప్పించడమే అన్నిటికంటే కష్టమని అతనికి తెలుసు.

బహుళ షష్ఠి

మంచు మళ్ళీ పట్టింది. ఏ పనీ చేయలేదు.

పొద్దున్నే మాణిక్యాన్ని అడిగాను. అది కుందనకు నాచుజావ తాగిస్తోంది.

"ఒకసారి విప్పారుగా మావయ్యా," అంది.

కిందటేడు తుపానులో మా సూరన్న పోయాడు. మాణిక్యం భర్త, నా కొడుకు. కొక్కేలవాడికి మైల లేదని ఊరి కట్టు. అందుకని నేను గొలుసుల పంటు మీదే ఉండిపోయాను, అదీ పిల్లా మైల పంటు మీద వెళ్ళారు.

"మీరే విప్పారు. మొహం అటు తిప్పుకుని. పదకొండు రోజులు ఇది తాతా తాతా అని అరిచింది. మీకు వినపడలేదా?"

వినపడింది.

"మళ్ళీ విప్పనివ్వను. జ్వరమొస్తే రానీండి, ఇక్కడే చూసుకుంటాను."

మధ్యాహ్నం నాంచారమ్మ వచ్చింది. ఒప్పించడానికి వచ్చిందనుకున్నాను. ఆమె ఆ మాటే ఎత్తలేదు. ముఖానికి గుడ్డ కట్టుకుని, గుమ్మం బయటే కూచుని, కుందన ఎలా పుట్టిందో చెప్పమని మాణిక్యాన్ని అడిగింది.

"నీకు తెలుసుగా అక్కా."

"నేనప్పుడు కొండమీదున్నాను. నీ నోటితో చెప్పు."

మాణిక్యం చెప్పింది. పిల్ల అరచేతిలో పట్టేంత ఉందట. గాలికి చర్మం కందేదట. దాన్ని రొమ్ముకు ఆనించుకుని చీరతో కట్టుకుని, నెల పొడుగునా విప్పలేదు. గది తలుపు వేసుకుంది. అప్పటికింకా బతికున్న మా ఆవిడ తప్ప ఎవరూ లోపలికి రాకూడదంది. సూరన్నని కూడా, సముద్రం మీంచి వచ్చి స్నానం చేస్తేగాని రానివ్వలేదు. పెద్ద ముత్తైదువలు తలుపు దగ్గరకొచ్చి తిట్టి పోయారు.

"నీకెవరు చెప్పారు అలా చెయ్యమని?" అంది నాంచారమ్మ.

"ఎవరూ చెప్పలేదు. దాన్ని చూస్తే అలా అనిపించింది."

"అప్పుడు నువ్వు ఊరినంతా విప్పేశావు మాణిక్యం. ఈ పిల్ల అందుకే ఉంది."

లేచి నా దోనెలోకి వచ్చింది. గట్టిగా ఇంకో మాట చెబితే మాణిక్యం మొండికేసేది. ఆ ఇంకో మాట ఎక్కడ ఆపాలో నాంచారమ్మకు తెలుసు.

దీపాలు పెట్టే వేళకు మాణిక్యమే నా పంటు దగ్గరకొచ్చింది.

"విప్పండి. కాని మైలకి విప్పినట్టు కాదు. పోటు మీద విప్పాలి, నీళ్ళు లోపలికొచ్చేటప్పుడు. మా వైపు చూస్తూ విప్పాలి. ఊరంతా పొద్దునా సాయంత్రం మా పిల్లల్ని పేరుపెట్టి పిలవాలి. మేం పలుకుతాం. ఒక పూట పిలవకపోయినా నేను ఈదుకుంటూ వచ్చి మీ గొలుసులన్నీ సముద్రంలో పారేస్తాను."

వెళ్ళి సరంగుకు చెప్పాను. అతను చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "ఇది సూరన్న పెళ్ళామేనా!" అన్నాడు. ఒప్పుకున్నాడు.

బహుళ సప్తమి

ఎండ. గాలి ఈశాన్యం. పోటు మీద తొమ్మిది పంట్లు విప్పాను. ఒక్కోదాన్నీ దోనెకు కట్టి లాగి, మడచెట్ల తలలు తేలే పక్కకు కేకదూరంలో లంగర్లు వేశాను. ఊళ్ళో ఉన్న లంగర్లు దాదాపు అన్నీ అయిపోయాయి. ఒక్కటి మిగిలింది.

మాణిక్యం పంటు మొదటిది. కొక్కెం తీసేటప్పుడు మెడ దానంతటదే అటు తిరిగింది. ఇన్నేళ్ళ అలవాటు. తిప్పుకుని చూశాను. కుందన నవ్వి చెయ్యి ఊపింది.

అందరూ ఏడుస్తారనుకున్నాను. పిల్లల పేర్లు పిలవడం మొదలుపెట్టాక ఆడవాళ్ళు అలకపాన్పు పాటలు అందుకున్నారు. నాంచారమ్మ వద్దంటున్నా చంటివాళ్ళను ఎత్తుకుని ముద్దులాడి మరీ పంపారు.

ఆమె ప్రతి పంటు మీదా ఒక మందు సీసా పెట్టింది. "జ్వరం తగిలిన పూటే మొదలెట్టండి. నాకోసం చూడొద్దు, అవునా కాదా అని ఆలోచించొద్దు. మొదటి రెండు రోజుల్లో పడితేనే దీనికి బలం," అని ప్రతి తల్లి చేతా మళ్ళీ చెప్పించింది. ఊపిరి ఎగపోస్తే ఎర్రగుడ్డ కట్టి కేకెయ్యాలంది. తర్వాత చేతులు కడుక్కుని పడమటి వరుసకు వెళ్ళిపోయింది. అక్కడ జ్వరాలు పన్నెండిళ్ళకు పాకాయి.

బహుళ దశమి

మంచు. పగలంతా చలి. గుడ్డలు కుట్టే అప్పన్న పంటుకు తాడు మార్చాను. అతనికీ జ్వరమే.

పిలుపులు బాగా సాగుతున్నాయి. సరంగు స్వయంగా వచ్చి నిలబడి పిలుస్తున్నాడు. "కోటమ్మ కొడుకో..." అంటే అటు నుంచి వాడు కూత పెడతాడు. కుందన అందరి పేర్లకూ "ఏంటీ!" అని తనే పలుకుతోంది. మాణిక్యం దాన్ని కసురుకోవడం ఇక్కడికి వినిపిస్తుంది. జనం ఆ పూట పని ఆపుకుని వస్తున్నారు.

ఊళ్ళో పిల్లలు చాలామంది లేచి తిరుగుతున్నారు. ఝాన్సీకి కూడా జ్వరం వచ్చి తగ్గింది. నిన్న నీళ్ళలోకి దూకింది. ఇవాళ జ్వరం తిరగబెట్టింది. సరంగు కోడలు "అలసట" అంది. నాంచారమ్మ ఆ మాట విని చేస్తున్న పని వదిలేసి పరుగున వెళ్ళింది. తగ్గిన జ్వరం మళ్ళీ వచ్చిందంటే ఊపిరితిత్తుల్లో ఇంకొకటేదో దిగిందనట. చూసేసరికి ఆ పిల్ల ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతోంది.

ఆసుపత్రి పంటుకు మోసుకుపోయారు. అలలకు ఊగే ఇనప చెయ్యి తిప్పే ఆక్సిజన్ యంత్రం ఊళ్ళో ఒక్కటే. దాని గొట్టం ఝాన్సీ ముక్కుకు పెట్టింది, వేరే మందు నరానికి ఎక్కించింది. పక్కన చిన్న సిలిండర్ ఒకటి పెట్టుకుంది. అల తగ్గి యంత్రం ఆగితే వాడడానికి.

సరంగు గుమ్మంలో నేల మీద కూచున్నాడు. "రాయన్నాను కదమ్మా," అన్నాడు.

"రాయే బాబాయ్, అందుకే తట్టుకుంటోంది. మీరు వెళ్ళి పిల్లల్ని పిలవండి. వేళయింది," అంది.

బహుళ త్రయోదశి

మబ్బు. ఉత్తరపు గాలి పెరిగింది. తెల్లవారుజామున అప్పన్న పోయాడు. ముసలితనంలో ఆ జ్వరం తట్టుకోలేకపోయాడు.

పాటు మీద వాళ్ళ పంటు విప్పాను, కట్టు ప్రకారం ముఖం తిప్పుకుని. భార్య ఒక్కతే దాని మీద ఉంది. మిగిలిన లంగరు ఒక్కటి. దాని తాడు పడమటి వైపు లోతుకు చాలదు. ఊరికీ పిల్లల పంట్లకూ నడుమ వేశాను.

ఇక పిల్లల వైపు చూడాలంటే మైల పంటు మీదుగానే చూడాలి. సాయంత్రం పిలుపుకు నలుగురే వచ్చారు. వాళ్ళూ తల దించుకుని పిలిచి వెళ్ళిపోయారు. ఎవరూ మానెయ్యమని చెప్పలేదు. నేను గొలుసుల పని ఉందనుకున్నాను.

బహుళ చతుర్దశి

పొద్దున చినుకులు, తర్వాత తెరిపి. ఇది మాణిక్యం పంటు మీద కూచుని రాస్తున్నాను.

పొద్దున పిలుపు లేదు. ఎండెక్కాక నేను ఆసుపత్రి పంటు కింద తాడు సరిచేస్తున్నాను. అటు నుంచి ఒక కేక వచ్చింది. మంచు వలల దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి తలలు వంచుకున్నారు. నేనూ తాడు వైపే చూశాను. మళ్ళీ కేక. అందరం విన్నాం, ఒక్కరమూ పలకలేదు.

పైన నాంచారమ్మ గొంతు వినిపించింది: "ఎవరది పిలిచేది?"

"మైల పంటు మీంచిలెండి," అంది సరంగు కోడలు.

"ఆ పంటు మీద అప్పన్న పెళ్ళాం ఒక్కతే కదే. ఆ ముసల్దానికి అంత గొంతెక్కడిది?"

కిటికీ దగ్గరకొచ్చింది. నేను అప్పుడు లేచి చూశాను. మైల పంటు వెనక, మాణిక్యం పంటు మీద ఎర్రగుడ్డ. అది నిన్న సాయంత్రమే కట్టిందని తర్వాత తెలిసింది.

నాంచారమ్మ ఎవరినీ తిట్టలేదు. ఝాన్సీ వైపు ఒకసారి చూసింది, యంత్రం వైపు చూసింది, బయట అల చూసింది. చిన్న సిలిండర్ గొట్టం ఊడదీసింది.

"ఇది అక్కడికి పోవాలి బాబాయ్," అంది సరంగుతో. "ఝాన్సీ నిన్నటికంటే మేలు. యంత్రం ఆగదనే అనుకుంటున్నాను. ఆగితే నేను పక్కనే ఉన్నాను, చేత్తో రబ్బరు బుడ్డి నొక్కి ఊపిరి కొడతాను. నేను దీన్ని వదిలి రాలేను, కాబట్టి తాతారావన్న వెళ్ళాలి."

ఆమె ఆజ్ఞ ఇవ్వలేదు. అడిగింది. సరంగు ఆ సిలిండర్‌ని తన మనవరాలి పక్కనుంచి తీసి, భుజాన పెట్టుకుని, మెట్లు దిగి నా దోనెలో పడుకోబెట్టాడు. దోనె నెట్టి, నీళ్ళలో మునిగిన ఆఖరి మెట్టు మీద నడుంలోతున నిలబడ్డాడు. "కుందనా!" అని కేకేశాడు, ఊరంతా అదిరేలా. మైల పంటు మీదుగానే.

దాని పక్కనుంచే తెడ్డు వేశాను. అప్పన్న భార్య చూస్తోంది. "వెళ్ళు నాయనా, పొద్దున్నుంచీ అరుస్తోందా పిల్ల. నేను పలికినా నా గొంతు నాకే వినపడదు," అంది. ఆమెకు జవాబు చెప్పాను. మైల పంటుకు పలకడం ఇదే మొదటిసారి.

మాణిక్యం భయపడుతూ ఏమీ చేయకుండా కూచోలేదు. జ్వరం తగిలిన పూటే మందు మొదలుపెట్టింది. అరలీటరు ప్లాస్టిక్ సీసా అడుగు కోసి, నాంచారమ్మ నేర్పినట్టు, ఆయాసం పంపు దానికి దూర్చి పిల్ల ముఖానికి పట్టింది. పడుకోబెట్టకుండా గుండెకు ఆనించి నిటారుగా ఎత్తుకుంది. రాత్రంతా అలాగే ఉందేమో, చేతులు దించమంటే దిగలేదు. దానికీ ఒళ్ళు కాలుతోంది. రెండు మూడు రోజులుగా గొంతునొప్పి ఉన్నా చెప్పలేదట. పంపిననాడు ముద్దుల్లో తల్లికి అంటుకుని ఉంటుంది, తల్లి నుంచి పిల్లకు.

"పిలిచాను మావయ్యా," అంది.

"విన్నాను. పలకలేదు," అన్నాను. దానికి అబద్ధం చెప్పలేను.

అది నా ముఖం చూసింది. "ముందు గొట్టం పెట్టండి," అంది.

పెట్టాను. చొక్కా ఎత్తి చూశాను. పక్కటెముకల మధ్య చర్మం గుంటలు పడుతోంది. మెడ దగ్గరా అంతే. పెదాలకు రంగు లేదు. నాంచారమ్మ కిటికీలోంచి అడుగుతోంది, సరంగు ఆ మాట నీళ్ళలో నిలబడి కేకగా అందిస్తున్నాడు, నేను తిరిగి అరుస్తున్నాను. నీళ్ళు తాగుతోందా? చెంచాతో. పిలిస్తే కళ్ళు తెరుస్తోందా? తెరుస్తోంది. పంపు మళ్ళీ పట్టు. పట్టాను. కాసేపాగి మళ్ళీ పట్టు.

ఆ ముసలి సరంగు ఒక్క మాట తప్పు అందించలేదు. అతని వెనక ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. అందరి ముఖాలూ ఇటే ఉన్నాయి. మధ్యలో పిల్లల పేర్లన్నీ వరసగా పిలిచారు. ఎనిమిది పంట్ల మీంచీ పలికారు, ఎవరికీ జ్వరం లేదు. కుందన పేరుకు మాణిక్యం పలికింది.

పొద్దు వాలేటప్పటికి గుంటలు కాస్త తగ్గినట్టనిపించింది. నాకు అనిపించడం ఎంత నిజమో తెలియదు. యంత్రం ఆగలేదని, ఝాన్సీ గంజి తాగిందని అవతలి నుంచి కబురు.

అమావాస్య

మంచు లేదు. గాలి లేదు. అల మాత్రం నెమ్మదిగా ఊగుతోంది.

మాణిక్యాన్ని బలవంతాన పడుకోబెట్టి పిల్లను నేను తీసుకున్నాను. దాని జ్వరం కూడా దిగుతోంది. సిలిండర్‌లో గాలి సగానికి వచ్చింది. నాంచారమ్మ ఝాన్సీకి గొట్టం తీసి చూస్తోందట, అది ఆగగలిగితే యంత్రమే ఇటు పంపుతానని కబురు పెట్టింది. దాన్ని అలల మీద తేవడానికి సరంగు అప్పుడే రెండు దోనెలు జత కడుతున్నాడు. ఊళ్ళో కొత్త జ్వరాలు నిన్నటి నుంచి లేవు.

ఇవాళ నాంచారమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంటే ఇక్కణ్ణుంచి చూశాను. ఎన్నాళ్ళుగా నిద్రలేదో, చెయ్యి కిటికీకి ఆనించి నిలబడింది. ఎవరో ఆమెకు గ్లాసు అందించారు. తాగకుండా చేతిలోనే పట్టుకుని, తొమ్మిది పంట్లనూ ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. మైల పంటును కూడా. ఆమె పక్కన మంచు వలల దగ్గరి ఆడవాళ్ళు కూడా అలాగే చూస్తున్నారు.

కుందన ఇందాక కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. "తాతా, నీ గడ్డం గుచ్చుకుంటోంది," అంది. ఒకే ఊపిరిలో, మధ్యలో ఆగకుండా అంది. మాణిక్యం పక్క మీంచి తల ఎత్తి, "ఏమంది, మళ్ళీ అనమనండి," అంది. అది మళ్ళీ అనలేదు. నా మెడ కింద తల పెట్టుకుని నిద్రపోయింది. చొక్కా ఎత్తి చూశాను. పొట్ట మెత్తగా లేస్తోంది, దిగుతోంది.

పొద్దున చేయాల్సిన పనుల లెక్క ఇప్పుడు రాస్తున్నాను. లంగరు తాడు చూశాను, బాగుంది. ఎర్రగుడ్డ విప్పి మడతపెట్టాను. మంచినీళ్ళ పీపాలో ఎంత ఉందో ఇంకా కొలవలేదు. కొలవాలంటే లేవాలి. లేస్తే కుందన మేలుకుంటుంది.